ఉప్పు కడియాలు

ఉప్పు మోసి పెరిగిన ఒళ్ళు నాది. మీసం మొలవక ముందు నుంచీ నెత్తిన తట్ట పెట్టుకుని నౌపడ ఉప్పు మడుల గట్ల మీద నడిచాను. తట్ట ఎంత బరువైనా కుప్ప దగ్గరికెళ్ళి వంగితే దిగిపోతుంది. ఈ మాట మాత్రం దిగలేదు. నాలుగేళ్ళు కావస్తోంది. చెప్పేద్దామని ఎన్నిసార్లు వెళ్ళానో, చెప్పకుండా ఎన్నిసార్లు తిరిగొచ్చానో లెక్కలేదు. ఇక విసుగొచ్చింది. నా మీద నాకే విసుగు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక.

ముందే ఒక సంగతి. నన్ను చూసి జాలిపడకండి. జాలిపడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పక్కన కూర్చుని వినండి చాలు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు. మా దగ్గర మడులు చాలావరకు బురదతో పూడిపోయి ఉన్నాయి. పని లేదు. ఆ సమయంలో గుజరాత్‌లో రణ్ అనే చోట ఉప్పు మడులకి మేస్త్రీ కావాలని ఒక సేటు కబురు పెట్టాడు. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇరవై మందిని జట్టు కట్టి రైలెక్కించాను. అందులో మా అక్క పారమ్మ భర్త కూర్మయ్య కూడా ఉన్నాడు. నాకు బావ. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. మేస్త్రీని నేనైనా నన్ను ఒరే అనేవాడు. నాకూ అదే బాగుండేది.

రణ్ గురించి ఏం చెప్పను? ఎడారి అన్నారు కదా, ఇసుక ఉంటుందనుకున్నాను. ఇసుక లేదు. బీటలు వారిన బురదనేల, కనుచూపు మేర అదే. చెట్టు లేదు, గుట్ట లేదు. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నీళ్ళు మెరుస్తుంటాయి, నడిచి వెళ్తే ఉండవు. అదంతా అడవిగాడిదల అభయారణ్యం. చెట్టే లేని చోట అభయారణ్యమేమిట్రా బాబూ అని మొదటి వారమంతా నవ్వుకున్నాం. తరువాత ఒక పొద్దున గోధుమరంగు గాడిదల గుంపు మా పాకల ముందు నుంచి పరుగెత్తింది. వాటి దుమ్ము సర్దుకునేదాకా జట్టంతా గట్టెక్కి చూశాం. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు.

మా సేటు మడులు ఆ అభయారణ్యం అంచున ఉండేవి. మధ్యలో ఒక గట్టు. గట్టుకి ఇటు మా ఉప్పు, అటు పెద్ద పల్లం. ఆ ఏడు వానలు బాగా పడి పల్లంలో నీళ్ళు నిలిచాయి. అందులో ఫ్లెమింగోలు దిగాయి. పేపర్లో రాజహంసలు అంటారు, మా వాళ్ళు గులాబి కొంగలు అనేవారు. బురదని ముక్కులతో పోగేసి, చిన్నచిన్న దిమ్మల్లా కట్టి, వాటి మీద గుడ్లు పెట్టాయి. మాఘమాసానికి పల్లం నిండా పిల్లలు. బూడిదరంగు బొచ్చు, సన్నటి పొడుగు కాళ్ళు. ఇంకా ఎగరడం రాదు వాటికి.

వాటిని చూస్తే మా బావకి ఒళ్ళు తెలిసేది కాదు. దానికి కారణం ఆయన ఊరు. ఆ ఊరు పేరు రాయను, నౌపడకి దగ్గరే. వానలు వెనకబట్టాక ఏటా అక్కడి చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి వాలతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరే వేళకి వెళ్ళిపోతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని పిట్టలు అనరు. పురిటికొచ్చిన ఆడపిల్లలు అంటారు. వాకిట్లో చేపల కంపు, బట్టల మీద రెట్టలు, చెట్టుకి కాసిన చింతపండు కోసుకోడానికి లేదు. అయినా ఒక్క మాట అననివ్వరు. దీపావళికి ఒక్క టపాకాయ కాల్చరు. గూటిలోంచి పిల్ల జారిపడితే మా బావ దాన్ని లుంగీలో వేసుకుని ఇంటికి తెచ్చి, చిన్న చేపలు నోట్లో పెట్టి, కాళ్ళమీద నిలబడేదాకా సాకేవాడు. ఎప్పటికైనా ఊళ్ళో పక్షుల కేంద్రంలో కాపలా ఉద్యోగం దొరికితే చాలనేవాడు. పెద్ద జీతమేం కాదు. అయినా ఆయనకి అదే కావాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. రాకుండా ఎంతసేపు తిరుగుతానో చూశారా?

ఉప్పు దిగాక మడిలో కొన్ని నీళ్ళు మిగులుతాయి. చేదుగా, ముట్టుకుంటే జిడ్డుగా ఉంటాయి. చేదు నీళ్ళు అంటాం. వాటిని తీసేయకపోతే తరువాతి ఉప్పు పాడవుతుంది. నౌపడలో దీనికి బుర్ర బద్దలు కొట్టుకునేదేమీ లేదు. సముద్రం పాటు మీద, అంటే నీళ్ళు వెనక్కి తీస్తున్నప్పుడు తూము ఎత్తితే సరి. నీళ్ళు కాలవలోకి, కాలవలోంచి సముద్రంలోకి పోతాయి. మళ్ళీ పోటు వచ్చి వెళ్ళేసరికి కాలవ కడిగినట్టుంటుంది. మా తాత అలాగే చేశాడు, మా నాన్న అలాగే చేశాడు. తూము ఎత్తాక ఆ నీళ్ళ గురించి ఎవరూ మళ్ళీ ఆలోచించరు.

రణ్‌లో అలా కాదు. చేదు నీళ్ళని పంపుతో తోడి వెనకవైపు గుంటలోకి పంపాలి. గట్టు అవతలికి చుక్క పోకూడదని అటవీశాఖ వాచర్ వచ్చి రెండుసార్లు చెప్పాడు. గట్టుకి ఒక పాత తూము ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడటం బావ పని. నేను ఆయనకి అప్పగించిన పనే అది.

పంపు చెడిపోయింది. మెకానిక్ రేపొస్తాడన్నారు. రేపు రాలేదు. మళ్ళీ రేపన్నారు. ఫోన్ చేస్తే సేటు నా మీదే అరుస్తాడు, మడి ఖాళీ కాలేదేమని. నెత్తిన ఎండ, కింద ఆ జిడ్డు నీళ్ళు, జట్టంతా చేతులు ముడుచుకుని కూర్చుంది. నాలుగో రోజు బావ ట్రాక్టర్ మీద మంచినీళ్ళకి వెళ్ళాడు. మిగిలినవాళ్ళు దూరం మడి దగ్గర ఉన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నీళ్ళే కదా, పోతాయి అనుకున్నాను. వెళ్ళి తూము పలక ఎత్తేశాను.

పొద్దెక్కే వేళ ఎత్తాను. మధ్యాహ్నం భోజనాల వేళకి దించాను. మడి ఖాళీ అయింది. హాయిగా ఉంది ప్రాణానికి. ఆ హాయికి మాత్రం నన్ను నేను క్షమించుకోను.

బావ వచ్చాడు. తూము పలక తడి చూశాడు. నా ముఖం చూశాడు.

"కొంచెమే బావా. పోతాదిలే" అన్నాను.

"ఎక్కడికి పోతాదిరా? ఇక్కడ సముద్దరం ఏదీ?"

అప్పుడు అర్థమైంది. నిజంగా అప్పుడే. ఉప్పులో పుట్టి పెరిగినవాణ్ణి, మేస్త్రీనని పిలిపించుకున్నవాణ్ణి, నీళ్ళు వదిలితే వాటిని తీసుకుపోయే పోటు అక్కడ లేదని నాకు తట్టలేదు. తెలియక చేశానా? అలా అనుకుని నిద్రపోదామని చాలాసార్లు ప్రయత్నించాను. కానీ వాచర్ రెండుసార్లు చెప్పాడు కదా. చెప్పినప్పుడు నేను వినలేదా, విని వీడెవడు నాకు ఉప్పు గురించి చెప్పడానికి అనుకున్నానా? రెండోదే. తప్పించుకోడానికి దారి లేదు.

నాలుగైదు రోజుల ఎండకి పల్లంలో నీళ్ళు తగ్గాయి, చిక్కబడ్డాయి. పిల్లలు ఆ నీళ్ళలోనే నడుస్తాయి, వేరే చోటు లేదు. ముందు వాటి కాళ్ళ మీద తెల్లటి గీత కనిపించింది. మర్నాటికి అది ఉంగరమంత. ఆ మర్నాటికి కడియమంత. ఉప్పు పేరుకుని గడ్డకట్టిన కడియాలు, రెండు కాళ్ళకీ. అగ్గిపుల్లల్లాంటి ఆ కాళ్ళతో అవి ఆ బరువు ఈడ్చుకుంటూ నడిచాయి, తరువాత నిలబడిపోయాయి, తరువాత కూర్చుండిపోయాయి. పెద్ద పక్షులు పైన తిరుగుతూ అరుస్తూనే ఉన్నాయి. ఎన్ని చనిపోయాయని అడగకండి. నేను లెక్కపెట్టలేదు. అటు చూడకుండా ఉండటానికి గట్టుకి వీపు పెట్టి పని చేయించాను.

బావ పట్టకారు పుచ్చుకుని ఆ బురదలోకి దిగాడు. ఒక్కో పిల్లనీ ఒడిలో పెట్టుకుని, కాలు విరగకుండా, కొంచెం కొంచెంగా ఆ కడియం చిదిపేవాడు. చేతులు పగిలి రక్తం కారేది, ఆ పుళ్ళలోకి ఉప్పు. అలా మూడు రోజులు. మరి నేనేం చేశానో తెలుసా? గట్టు మీద నిలబడి కసిరాను. "పిట్టల సేవ సాలు బావా, పనికి రా" అని. తప్పు చేసినవాణ్ణి నేను, విసుక్కున్నదీ నేనే. నన్ను చూస్తే మీకు ఒళ్ళు మండటం లేదూ? నాకు మండుతోంది.

వాచర్ పై అధికారులకి చెప్పాడు. రణ్‌లో జీపు వస్తుంటే చాలా ముందే తెలుస్తుంది. ఆకాశం అంచున దుమ్ము లేస్తుంది, మన దగ్గరికి చేరడానికి పావుగంట పైన పడుతుంది. ఆ పావుగంటలో బావ నన్ను ఉప్పు కుప్ప వెనక్కి లాక్కుపోయాడు.

"ఒరే, నువ్వేటీ మాటాడకు. మేస్త్రీని తీసేస్తే జట్టు జట్టంతా ఎల్లిపోవాల. ఇరవై ఇళ్ళురా. నానైతే ఒక్కడినే పోతాను."

"అది కాదు బావా..."

"ఏటి కాదు? తూము నా కాపలా. నానే తీసినానంటే ఎవులైనా నమ్ముతారు. ఇక్కడ మనల్నెరిగినోలు ఎవులున్నారు? ఈ ఊసు ఇక్కడే వొగ్గేసి పోతాను."

"మరి ఊళ్ళో తెలిస్తే?"

పగిలిన అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఊళ్ళో మాత్రం నువ్వే సెప్పాలిరా. మా ఊరోలకి నిజం నువ్వే సెప్పాల. పిట్టల కాడ నాకు సెడ్డ పేరు రానీకు. అదొక్కటే అడుగుతన్నాను."

"సెప్తాను బావా. అప్ప మీద ఒట్టు."

మా అక్కని నేను అప్ప అనే పిలుస్తాను. ఆవిడ మీద ఒట్టేశాను.

జీపు వచ్చింది. అధికారి దిగాడు, సేటు దిగాడు. తూము ఎవరు తీశారని హిందీలో అడిగారు. నేను నేల చూశాను. బావ చెయ్యెత్తాడు. మర్నాడే ఆయన్ని పంపించేశారు. నేను మిగిలిన ఉప్పంతా తీయించి, ఎండలు ముదిరాక జట్టుతో ఇంటికొచ్చాను. మంచి మేస్త్రీనని సేటు మెచ్చుకున్నాడు కూడా.

మేం వచ్చేసరికే కథ ఊరు చేరిపోయింది. జట్టులో ఎవడో ఫోన్లో వాళ్ళావిడకి చెప్పాడు. కూర్మయ్య కొంగపిల్లల్ని ఉప్పు నీళ్ళలో చంపేశాడట. అంతే. మొదటి రోజే బావ ఊరికి వెళ్ళి, నలుగురినీ పిలిచి, తూము ఎత్తింది నేనని చెప్పి ఉంటే ఒక్క గంటలో తేలిపోయేది. వెళ్ళలేదు. ప్రయాణం బడలిక అనుకున్నాను. తరువాత నౌపడలో మడులు బాగుచేస్తూ నన్ను మేస్త్రీగా పెట్టుకున్నారు, కొత్త పని, ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆ తరువాత, ఇన్నాళ్ళు చెప్పకుండా ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా, దానికి జవాబేమిటి అనుకున్నాను. ఒక్కో నెల గడిచేకొద్దీ రెండో తప్పు మొదటి తప్పుకన్నా పెద్దదైపోతూ వచ్చింది, అది పెద్దదవుతోందనే భయంతోనే దాన్ని ఇంకా పెంచాను.

బావ ఊరివాళ్ళు ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. అలా చేసినా బాగుండేది. పిట్టలున్నన్నాళ్ళు చింతల కిందకి రావద్దన్నారు. అంతే. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. గూటిలోంచి పిల్ల జారి వీధిలో పడింది. బావ అలవాటుగా వంగి తీశాడు. ఎదురింటి ముసలమ్మ గబగబా వచ్చి ఆయన చేతుల్లోంచి దాన్ని లాక్కుంది. "నీ సెయ్యి తగలనీకు నాయినా" అంది. ఆవిడకి కోపం కూడా లేదు, భయం. బావ ఖాళీ చేతులతో అలాగే నిలబడ్డాడు. నేను సైకిల్ స్టాండు తీసి వచ్చేశాను.

తరువాత తిత్లీ తుఫాను వచ్చింది. ఆ ఊరి చింతలు సగం కూలిపోయాయి. చెట్లు లేకపోతే పిట్టలు ఎక్కడ కూర్చుంటాయి, మన నెత్తి మీదా? అవి తక్కువగా వచ్చాయి. దానికి కూడా మా బావే కారణమన్నారు! గాలికి చెట్లు పడితే దానికి కూర్మయ్య ఏం చేశాడయ్యా? అడగాలనిపించింది. అడిగే మొహం నాకేదీ?

ఈ శ్రావణంలో పక్షుల కేంద్రంలో కాపలాకి మనిషి కావాలన్నారు. ఊరివాళ్ళు ఒకరి పేరు చెప్పాలి. బావ తన పేరు చెప్పుకున్నాడు. ఆ మనిషి ఏ ధైర్యంతో చెప్పుకున్నాడో నాకు తెలుసు. నా ఒట్టు మీద ధైర్యంతో. ఊరి పెద్దలు నన్ను పిలిపించారు, రణ్‌లో ఆ జట్టుకి మేస్త్రీని నేనే కదా. రామమందిరం అరుగు మీద పదిమంది కూర్చున్నారు. బావ ఒక పక్కన, ఉతికిన చొక్కా వేసుకుని.

"నువ్వక్కడే ఉన్నావు గదా నాయినా. తూము ఎవులు తీసినారు?" పెద్దాయన అడిగాడు.

నేను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. మళ్ళీ అడిగాడు. ఉక్కపోత. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మడి దగ్గర మనుషులు నా కోసం చూస్తున్నారు. ఇంకొకాయన అడిగాడు, ఇంకొకావిడ అడిగింది, అదే మాట. ఎందుకిలా ప్రాణం తీస్తారు అనిపించింది. మళ్ళీ అదే చిర్రు, తూము ఎత్తించిన చిర్రు.

"ఎవులేటి? బావే తీసేడు. ఎన్నిసార్లడుగుతారు?"

అనేశాను. అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. రణ్‌లో నేను నోరు మూసుకున్నాను, అంతే. ఇక్కడ నోరు తెరిచి అబద్ధమాడాను.

పెద్దాయన తల ఊపి వేరే పేరు చెప్పాడు. బావ లేచాడు. కాదని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణని ఇప్పటికీ అనుకుంటాను, బహుశా అదీ అబద్ధమే. నా పక్క నుంచి వెళుతూ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అప్ప నెత్తళ్ళ పులుసు ఎట్టింది. తినేసి ఎల్లు."

ఆ మాట నాకు ఎంత కోపం తెప్పించిందో చెప్పలేను. ఒక్క తిట్టు తిట్టొచ్చు కదా! చెంప మీద కొట్టొచ్చు కదా! వెళ్ళి తిన్నాను కూడా. అక్క ఇంకో గరిటె వేసింది. ఆవిడకి ఏమీ తెలీదు. తన మీద నేనేసిన ఒట్టు సంగతీ తెలీదు.

పిట్టలు మొన్న దిగాయి. వాటికంటే ముందే బావ కొత్తవలస వెళ్ళిపోయాడు, ఇటుకల బట్టీలో పనికి. ఇక ఏటా ఇంతేనట. అవి ఉన్నన్నాళ్ళు తను ఊళ్ళో ఉండడు, అవి వెళ్ళాక వస్తాడు. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఈ వయసులో బట్టీ పనేమిట్రా, నువ్వైనా చెప్పకూడదా అంది. చెప్తాను అన్నాను. ఆ మాట ఎన్నోసారి అన్నానో!

చనిపోయిన పిల్లలు బతకవు. ఉద్యోగం వేరేవాడికి వెళ్ళిపోయింది, వాడి తప్పేమీ లేదు. ఇది చదివి బావ నన్ను క్షమిస్తాడని రాయడం లేదు. ఆయన క్షమించేశాడు, అదే కదా నాకు ఊపిరాడకుండా చేస్తోంది. నాకు ఆయన క్షమాపణ వద్దు. ఆ ఊరివాళ్ళ కోపం కావాలి. ఆయన మీద నుంచి తీసి నా మీద పెట్టాలి.

నా పేరు రాయలేదు. రాయక్కర్లేదు. కూర్మయ్యకి బావమరిదిని ఒక్కణ్ణే. మా చుట్టుపక్కల నుంచి రణ్‌కి మేస్త్రీగా వెళ్ళినవాణ్ణీ నేనొక్కణ్ణే. ఈ కాగితం ఆ ఊళ్ళో ఎవరి చేతిలో పడినా రెండో వాక్యం అక్కర్లేకుండా నన్ను పోల్చుకుంటారు. తూము ఎత్తింది నేను. ఆయన అప్పుడు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాడు.